ప్రజాప్రసార రేడియోలో బహిరంగత: సాఫ్ట్‌వేర్, ప్రమాణాలు, శ్రోత – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రజాధనంతో నడిచే రేడియో సంస్థలు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను, బహిరంగ ప్రమాణాలను స్వీకరించాలన్న వాదం రెండు దశాబ్దాలుగా వినిపిస్తున్నది. సోర్స్ కోడ్ అందుబాటు, ప్రమాణపత్ర ప్రచురణ, పేటెంట్ రాయల్టీల నుండి విముక్తి అనే మూడు వేర్వేరు విషయాలు ఈ వాదంలో ఒకే మాటలో కలిసిపోతున్నాయి. ఆకాశవాణి అనుసరించిన డీఆర్‌ఎం విధానం, బ్రిటన్‌లోని చిన్నస్థాయి డ్యాబ్ ప్రసారాలు, సామాజిక రేడియో స్టూడియో సాఫ్ట్‌వేర్లు, ఇంటర్నెట్ ప్రసారం, శబ్దభాండాగారాల నిల్వ పద్ధతులు ఇందులో పరిశీలనాంశాలు. బహిరంగతను ప్రసార కేంద్రం వైపు నుండి గాక, శ్రోత చేతిలోని సెట్టు వైపు నుండి కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రజాప్రసారం, ఆకాశవాణి, డిజిటల్ రేడియో, బహిరంగ ప్రమాణాలు, ఓపెన్ సోర్స్, కోడెక్, పేటెంట్, సామాజిక రేడియో.

1. ప్రవేశిక

క్రికెట్ ప్రసారాల వివాదంలో 1995 ఫిబ్రవరి 9న సర్వోన్నత న్యాయస్థానం వెలువరించిన తీర్పు, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది. సామాజిక రేడియో ఉద్యమానికి, ప్రసార స్వేచ్ఛపై తరువాత జరిగిన చర్చలకు ఆ తీర్పు పునాది. అయితే అది తరంగాన్ని గురించి చెప్పింది గాని, ఆ తరంగం మీద ధ్వనిని ఏ రూపంలో ఎక్కించి పంపుతారన్న విషయం నాడు ప్రశ్నగా ముందుకు రాలేదు. అనలాగ్ రేడియో కాలంలో ఆ ప్రశ్న అవసరం కూడా లేదు. డిజిటల్ రేడియోలో మాత్రం ధ్వని ముందుగా అంకెలుగా మారి, కుదించబడి, సంకేతబద్ధమై ప్రయాణిస్తుంది. ఆ కుదింపు పద్ధతికి యజమానులు ఉండవచ్చు. దారి ప్రజలదై, ఆ దారిన పోయే బండికి మాత్రం ప్రతి ఇంటివారూ అద్దె కట్టవలసి వస్తే, దారి ప్రజలదన్న మాటకు ఎంత విలువ మిగులుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

ఇది కేవలం సాంకేతికమైన ప్రశ్న కాదు. భారత దూరసంచార నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ప్రైవేటు రేడియో కేంద్రాల డిజిటల్ ప్రసార విధానంపై 2024 సెప్టెంబరులో సంప్రదింపు పత్రం విడుదల చేసింది. ఒకసారి ఎంచుకున్న ప్రమాణం దశాబ్దాల పాటు కోట్లాది శ్రోతలను కట్టి ఉంచుతుంది. కనుక ఎంపికకు ముందే ‘బహిరంగం’ అన్న మాటకు అర్థం తేల్చుకోవడం అవసరం.

2. ఒక మాటలో మూడు భావనలు

రేడియో రంగంలో ‘బహిరంగం’ అన్న విశేషణం మూడు అర్థాలలో వాడుకలో ఉంది.

మొదటిది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. సోర్స్ కోడ్‌ను చదవడానికి, మార్చడానికి, మార్చినదానిని పంచడానికి లైసెన్సు అనుమతించడం ఇక్కడి అర్థం. రెండవది ప్రమాణానికి సంబంధించినది. ప్రసార సంకేతం నిర్మాణాన్ని వివరించే పత్రం ఎవరికైనా లభించడం, దాని రూపకల్పనలో ఏ ఒక్క సంస్థకో గుత్తాధిపత్యం లేకపోవడం ఇక్కడి లక్షణాలు. మూడవది పేటెంట్లకు సంబంధించినది. ప్రమాణాన్ని అమలు చేసే పరికరం తయారు చేయడానికి ఎవరికీ రాయల్టీ చెల్లించనవసరం లేకపోవడం దీని సారాంశం.

ఈ మూడూ ఒకదానినొకటి తప్పనిసరిగా వెంటబెట్టుకొని రావు. ప్రమాణపత్రం అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతూనే, దానిని అమలు చేయడానికి పేటెంట్ లైసెన్సు అవసరం కావచ్చు. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నా పేటెంట్ హక్కు దానితో పాటు సంక్రమించకపోవచ్చు. జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఆండ్రాయిడ్ కోసం 2012లో విడుదల చేసిన ఏఏసీ కోడెక్ ఇందుకు తగిన ఉదాహరణ. దాని సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది. దాని లైసెన్సు మాత్రం పేటెంట్ హక్కులేవీ ఇవ్వడం లేదని స్పష్టంగా చెబుతుంది.

భారత ప్రభుత్వం ఈ భేదాన్ని గుర్తించకపోలేదు. 2010 నవంబరులో ప్రకటించిన ఈ-పరిపాలన బహిరంగ ప్రమాణాల విధానం, ప్రమాణపత్రం అందుబాటులో ఉంటే చాలనలేదు. ప్రమాణం అమలుకు అవసరమైన పేటెంట్లు ఆ ప్రమాణం జీవితకాలమంతా రాయల్టీ లేకుండా లభించాలని కోరింది. అటువంటి ప్రమాణం దొరకని సందర్భాలకు మాత్రమే సడలింపు కల్పించింది. అయితే ఈ విధానం ఈ-పరిపాలన వ్యవస్థలకు పరిమితం. ప్రభుత్వ కార్యాలయంలోని దస్త్రానికి వర్తించిన గీటురాయి పల్లెలోని రేడియో సెట్టుకు వర్తించలేదు. దస్త్రం తెరిచే ఉద్యోగికి కంప్యూటరును ప్రభుత్వమే కొనిస్తుంది. రేడియో సెట్టును శ్రోత తానే కొనుక్కోవాలి. రాయల్టీ లేని ప్రమాణం ఎవరికి ఎక్కువ అవసరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

3. అనలాగ్ రేడియో: గడువు తీరిన పేటెంట్లు

మీడియం వేవ్ ప్రసారాన్ని వినడానికి కావలసిన కనీస సామగ్రి చాలా స్వల్పం. ఒక తీగచుట్ట, ఒక స్ఫటికం లేదా డయోడ్, ఒక ఇయర్‌ఫోన్, పొడవైన ఏరియల్ తీగ ఉంటే బ్యాటరీ కూడా లేకుండా సమీప కేంద్రాన్ని వినవచ్చు. పాఠశాల విద్యార్థి చేయగలిగిన సెట్టు ఇది. పాడైన ట్రాన్సిస్టరును వీధి చివరి మెకానిక్ బాగు చేయగలిగాడంటే, ఆ వ్యవస్థలో రహస్యమేదీ మిగలకపోవడమే కారణం.

అంతమాత్రాన అనలాగ్ రేడియో పేటెంట్లు ఎరుగనిదని భావించడం చరిత్రకు విరుద్ధం. ఎఫ్.ఎం. పద్ధతికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో అమెరికాలో పేటెంట్లు పొందాడు. ఆ హక్కుల కోసం ఆర్‌సీఏ సంస్థతో సాగిన న్యాయపోరాటం ముగియకముందే 1954లో మరణించాడు. ఎఫ్.ఎం. నేడు స్వేచ్ఛగా ఉన్నదంటే అది పుట్టుకతో వచ్చిన స్వేచ్ఛ కాదు. పేటెంట్ల గడువు తీరింది, ప్రసార పద్ధతి మాత్రం మారకుండా నిలిచింది. ఈ రెండు పరిణామాలూ కలిసినప్పుడే ఆ స్వేచ్ఛ సిద్ధించింది. డిజిటల్ రేడియోను అంచనా వేసేటప్పుడు ఈ రెండవ షరతును విస్మరించరాదు. పద్ధతి స్థిరంగా నిలవకుండా కొత్త కోడెక్‌లు వచ్చి చేరుతూ ఉంటే, పేటెంట్ గడియారం ప్రతిసారీ మళ్లీ మొదటి నుండి తిరుగుతుంది.

4. డీఆర్‌ఎం: ప్రచురిత ప్రమాణం, పేటెంట్ కోడెక్

డిజిటల్ రేడియో మోండియాల్, సంక్షిప్తంగా డీఆర్‌ఎం, 1998లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఏర్పడిన అంతర్జాతీయ కూటమి రూపొందించిన పద్ధతి. ప్రజాప్రసార సంస్థలు, పరికరాల తయారీదారులు, పరిశోధన సంస్థలు ఇందులో భాగస్వాములు. దీని సాంకేతిక నిర్దేశాన్ని యూరోపియన్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ ప్రచురించింది. ఆసక్తి గలవారెవరైనా దానిని చదువుకోవచ్చు. 2003 జూన్ 16న జెనీవాలో ఈ ప్రసారాలకు లాంఛనంగా శ్రీకారం చుట్టారు.

ఆకాశవాణి తన డిజిటల్ పరివర్తనకు ఈ పద్ధతినే ఎంచుకొని 30కి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దీనికి అనువుగా నెలకొల్పింది. ఈ ఎంపికలో హేతువు ఉంది. ఒకే ట్రాన్స్‌మిటర్ నుండి ఒకటికి మించిన కార్యక్రమాలు పంపవచ్చు, విద్యుత్తు ఆదా అవుతుంది, మీడియం వేవ్ విస్తృతి నిలుస్తుంది. పోటీలో ఉన్న హెచ్‌డీ రేడియోతో పోల్చినప్పుడు డీఆర్‌ఎం బహిరంగత మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో 2002లో ఆమోదం పొందిన హెచ్‌డీ రేడియో ఒకే సంస్థ యాజమాన్యంలో పెరిగింది. దానికి సంబంధించి అక్కడి ప్రమాణాల సంఘం ప్రచురించిన పత్రంలో ధ్వనిని కుదించే కోడెక్ వివరణే లేదు. అంటే ఆ పత్రాన్ని ఆసాంతం చదివినవారు కూడా దాని ఆధారంగా శబ్దం పలికే సెట్టును నిర్మించలేరు.

ఈ పోలికలో డీఆర్‌ఎం పైచేయి సాధించినా, పరిశీలన అక్కడితో ఆగరాదు. డీఆర్‌ఎం నిర్దేశించిన ఏఏసీ కుటుంబ కోడెక్‌లు పేటెంట్ల పరిధిలోనివి. వాటికి సెట్టుకింత అన్న లెక్కన తయారీదారు రుసుము చెల్లిస్తాడు. ఆ రుసుము చివరికి సెట్టు ధరలో కలుస్తుంది. 2014లో వెలువడిన సవరణ మరింత గమనార్హం. అప్పటివరకు మాటల ప్రసారాలకు ఉద్దేశించిన రెండు పాత కోడెక్‌లను ఆ సవరణ తొలగించి, ఎక్స్‌హెచ్‌ఈ-ఏఏసీ అనే కొత్త కోడెక్‌ను చేర్చింది. తక్కువ బిట్ రేటులో ఈ కోడెక్ మెరుగైన ధ్వనినిస్తుందన్నది నిజం. ఆ సవరణకు ముందు తయారైన సెట్టు కొత్త కోడెక్‌తో వచ్చే కార్యక్రమాన్ని వినిపించలేదన్నదీ నిజం. పైన ప్రస్తావించిన గడియారం మళ్లీ మొదలు కావడమంటే ఇదే.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ అడ్డుగోడను దాటలేకపోయింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘డ్రీమ్’ అనే సాఫ్ట్‌వేర్, కంప్యూటరును డీఆర్‌ఎం రిసీవరుగా మారుస్తుంది. ఇది జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ లభించింది. కాని ఏఏసీ డీకోడరును దానితో కలిపి పంచడానికి పేటెంట్లు అడ్డు వచ్చాయి. వాడుకరి ఆ భాగాన్ని విడిగా సమకూర్చుకోవలసి వచ్చింది. సోర్స్ కోడ్ బహిరంగం, ప్రమాణం ప్రచురితం. అయినా శబ్దం వినిపించే చివరి అడుగు దగ్గర తలుపు మూసి ఉంది.

భారతదేశంలో డీఆర్‌ఎం శ్రోతలు ఆశించిన మేరకు పెరగకపోవడానికి రాయల్టీ ఒక్కటే కారణమనడం సరికాదు. సెట్లు తక్కువ సంఖ్యలో తయారైనప్పుడు చిప్‌ల ధర దిగదు. ధర దిగనిదే శ్రోతలు కొనరు. శ్రోతలు కొననిదే తయారీ పెరగదు. ఈ విషవలయంలో రాయల్టీ ఒక పాయ మాత్రమే. అయితే ఫలితం మాత్రం ఆలోచింపజేసేది. డీఆర్‌ఎం రిసీవర్లు ప్రధానంగా కొత్త కార్లలో కనిపిస్తున్నాయి. చేతిలో పట్టుకునే విడి సెట్లు అరుదు, వాటి ధర మామూలు ట్రాన్సిస్టరు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మీడియం వేవ్‌ను నిన్నటిదాకా నమ్ముకున్నది పొలం గట్టున, పడవ మీద, టీ దుకాణంలో విన్న శ్రోత. డిజిటల్ మీడియం వేవ్ మాత్రం ముందుగా కారు కొనగలిగినవారిని చేరింది.

5. చిన్నస్థాయి డ్యాబ్: ఓపెన్ సోర్స్ సాధించినది

ప్రసార కేంద్రం వైపున ఓపెన్ సోర్స్ ఎంత మార్పు తేగలదో బ్రిటన్ అనుభవం నిరూపిస్తుంది. డ్యాబ్ పద్ధతిలో పలు కేంద్రాలు ఒకే మల్టీప్లెక్స్‌లో చేరి ప్రసారం చేయాలి. దానికి కావలసిన పరికరాలు పెద్ద సంస్థలకే అందుబాటులో ఉండేవి. స్థానిక, సామాజిక కేంద్రాలకు ఆ ఖర్చు భరించరానిది.

కెనడా ప్రభుత్వ పరిశోధన సంస్థ కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్ రూపొందించిన డ్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించి, స్విట్జర్లాండ్ కేంద్రంగా ఉన్న ఓపెన్ డిజిటల్ రేడియో అనే లాభాపేక్ష లేని సంఘం అభివృద్ధి చేసింది. మామూలు కంప్యూటరు, సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియో పరికరం, ఒక ఆంప్లిఫయర్ ఉంటే చాలు, ఒక పట్టణానికి సరిపడే డ్యాబ్ ప్రసారం సాధ్యమైంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఈ మార్గంలో 2015లో 10 ప్రాంతాలలో ప్రయోగాత్మక ప్రసారాలకు అనుమతించింది. ఆ అనుభవం ఆధారంగా 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. తరువాత చిన్నస్థాయి మల్టీప్లెక్స్‌లకు లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు స్వభావం ప్రసార చట్టానికి దారి తీసిన అరుదైన సందర్భమిది.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఫలితం బహిరంగ లైసెన్సుతో వెలువడినందువల్లనే మరొక ఖండంలోని చిన్న కేంద్రాలు దానిని వినియోగించుకోగలిగాయి. రెండవది, బ్రిటన్ శ్రోతల ఇళ్లలో డ్యాబ్ సెట్లు అప్పటికే విస్తారంగా ఉన్నాయి. అంటే ఓపెన్ సోర్స్ ప్రసారకర్త ఖర్చును తగ్గించింది. శ్రోత సమస్యను మాత్రం అది పరిష్కరించలేదు, ఆ సమస్య అక్కడ ముందే తీరి ఉన్నది. భారతదేశంలో స్థితి ఇందుకు విలోమం. ట్రాన్స్‌మిటర్ల కొరత లేదు, సెట్ల కొరత ఉంది. బ్రిటన్ విజయాన్ని ఇక్కడికి యథాతథంగా అన్వయించలేమనడానికి ఇదే కారణం.

6. స్టూడియో సాఫ్ట్‌వేర్, సామాజిక రేడియో

కార్యక్రమాల క్రమాన్ని నిర్ణయించి, సమయానికి వినిపించి, లెక్క భద్రపరిచే సాఫ్ట్‌వేర్ స్టూడియోకు వెన్నెముక. అమెరికాలో 2002 నుండి అభివృద్ధి చెందుతున్న రివెండెల్ ఈ కోవలో పేరొందిన ఓపెన్ సోర్స్ వ్యవస్థ. సోర్స్‌ఫాబ్రిక్ సంస్థ రూపొందించిన ఎయిర్‌టైమ్ మరొకటి. దాని బహిరంగ రూపం అభివృద్ధి మందగించినప్పుడు, 2017లో వాడుకరులే కోడ్‌ను తీసుకొని లిబ్రెటైమ్ పేరుతో కొనసాగించారు. యాజమాన్య సాఫ్ట్‌వేర్ అయితే తయారీ సంస్థ విరమించిన నాడే వ్యవస్థకు కాలం చెల్లుతుంది. ఓపెన్ సోర్స్‌లో కొనసాగింపుకు హక్కు మిగులుతుంది.

భారతదేశంలో గ్రామవాణి సంస్థ సామాజిక రేడియో అవసరాల కోసం గ్రిన్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను నిర్మించింది. శ్రోతల ఫోన్ కాల్స్‌ను స్వీకరించి రికార్డు చేయడం, వాటిని కార్యక్రమంలో చేర్చడం అందులో భాగాలు. ఇది స్థానిక అవసరం నుండి పుట్టిన రూపకల్పన.

ఇటువంటి సాఫ్ట్‌వేర్ ఎవరికి అవసరమో తెలుసుకోవడానికి తెలంగాణలోని సంగం రేడియో తగిన కొలమానం. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై ఈ కేంద్రం ప్రారంభమైంది. దళిత మహిళలు నడిపే కేంద్రంగా అది ప్రసిద్ధి పొందింది. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, స్థానిక పాటలు, ఆ ప్రాంతపు మాట తీరు దాని ప్రసారాలకు ప్రాణం. సామాజిక రేడియోకు అనుమతించిన ప్రసార శక్తి 100 వాట్లు. ఆ పరిధిలోని శ్రోతకు కావలసింది మామూలు ఎఫ్.ఎం. సెట్టు మాత్రమే. గడువు తీరిన పేటెంట్ల ఫలం ఎలా ఉంటుందో సంగం రేడియో శ్రోతను చూస్తే అర్థమవుతుంది. ఇటువంటి కేంద్రంలో సాఫ్ట్‌వేర్ తెలుగులో కనిపించాలి, నెట్ లేకపోయినా పని చేయాలి, ప్రసారమైన కార్యక్రమాలను నిబంధనల మేరకు 3 నెలలు భద్రపరచాలి. ఏటేటా లైసెన్సు రుసుము కోరరాదు. మార్పుచేర్పులకు అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఈ అవసరాలను తీర్చడం తయారీదారు దయపై ఆధారపడుతుంది.

అయితే సోర్స్ కోడ్ ఉన్నంత మాత్రాన మార్పులు వాటంతటవే జరగవు. చేయగలిగినవారు కావాలి. సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు నిధులు చూపే ప్రాజెక్టులు, దాని నిర్వహణకు మనిషిని చూపడం తక్కువ. ఓపెన్ సోర్స్‌ను సమర్థించేవారు ‘స్వేచ్ఛ’ను ‘ఉచితం’గా ప్రచారం చేయడం వల్ల ఈ లోపం మరింత పెరిగింది. తెలుగులో ఈ రెండు మాటలూ వేర్వేరుగా ఉండడం ఒక సౌలభ్యం, దానిని వాడుకోవాలి.

7. ఇంటర్నెట్ ప్రసారం, శబ్ద నిల్వ

ఇంటర్నెట్ రేడియోలో సమస్య కొంత సులభమని భావిస్తారు. బీబీసీ అనుభవం ఇందుకు భిన్నం. 2015లో ఆ సంస్థ తన పాత ప్రసార రూపాలను, విండోస్ మీడియా ధారతో సహా, విరమించి కొత్త పద్ధతులకు మారినప్పుడు శ్రోతలు డబ్బు పెట్టి కొనుక్కున్న ఇంటర్నెట్ రేడియో సెట్లు పలు కేంద్రాలను వినిపించలేకపోయాయి. సంస్థ దృష్టిలో అది వ్యవస్థ ఆధునికీకరణ. శ్రోత దృష్టిలో పని చేస్తున్న సెట్టు మూగబోవడం. దీనికి భిన్నంగా, అంతర్జాల ప్రమాణాల సంఘం 2012 సెప్టెంబరులో ప్రచురించిన ఓపస్ కోడెక్, రాయల్టీ లేని వినియోగం లక్ష్యంగా రూపొందింది. మాటకూ సంగీతానికీ సరిపోయే ఈ కోడెక్ నేటి ఫోన్లలో, బ్రౌజర్లలో విస్తృతంగా చేరింది. పేటెంట్ కోడెక్ తప్ప గత్యంతరం లేదన్న వాదం, కనీసం ఇంటర్నెట్ ప్రసారంలో, దీనితో బలహీనపడింది.

పరిశోధకులకు మరింత దగ్గర విషయం నిల్వ. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు ప్రారంభించింది. రేడియో నాటకం, లలిత సంగీతం, సాహిత్య ప్రసంగం వంటి ప్రక్రియల చరిత్రకు అటువంటి కేంద్రాల ధ్వనిముద్రణలే ప్రాథమిక ఆధారాలు. అయస్కాంత టేపులు శిథిలమయ్యే స్వభావం గలవి కనుక డిజిటలీకరణ తప్పదు. యూరోపియన్ ప్రసార సంఘం 1997లో ప్రచురించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ రూపం, ధ్వనిని కుదించకుండా, దానితో పాటు తేదీ, మూలం వంటి వివరాలను కూడా భద్రపరుస్తుంది. శబ్దభాండాగారాల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాలు దీనినే సూచించి, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్థాయిని సిఫారసు చేశాయి. యూట్యూబ్ వంటి వేదికపై కార్యక్రమాన్ని ఉంచడం వ్యాప్తికి మేలు చేస్తుంది గాని, ఆ వేదిక ధ్వనిని తన కోడెక్‌లలోకి కుదించి అందిస్తుంది. దానిని నిల్వగా పరిగణించడం అచ్చుప్రతిని చూసి రాతప్రతిని పారవేయడం వంటిది.

ఇక్కడ కూడా భేదం పాటించాలి. బహిరంగ రూపంలో నిల్వ చేయడం వేరు, పరిశోధకుడికి వినే హక్కు ఉండడం వేరు. మొదటిది ఇంజనీరు పని, రెండవది విధాన నిర్ణయం. మొదటిది జరగకపోతే రెండవదానికి అర్థం ఉండదు. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది వచ్చినట్టు కాదు.

8. ప్రతివాదాలు

పేటెంట్ కోడెక్‌ల పక్షాన బలమైన వాదం ఉంది. మీడియం వేవ్ చానల్ ఇరుకైనది. అందులో స్పష్టమైన ధ్వని పంపాలంటే అత్యుత్తమ కుదింపు కావాలి. ఆ పరిశోధనకు పెట్టుబడి కావాలి. పెట్టుబడికి ప్రతిఫలం కావాలి. దీనిని తోసిపుచ్చలేము. అయితే ప్రతిఫలాన్ని ఎవరు చెల్లించాలన్నది వేరే ప్రశ్న. కోట్లాది సెట్ల మీద విడివిడిగా వసూలయ్యే రుసుమును, ప్రమాణాన్ని ఎంపిక చేసే సమయంలోనే ప్రభుత్వం మొత్తంగా బేరమాడి తీర్చే అవకాశం ఉంది. ఎంపికకు ముందు ఉన్న బేరశక్తి ఎంపిక తరువాత ఉండదు.

ప్రసారం ఆగితే బాధ్యులెవరన్నది రెండవ వాదం. యాజమాన్య వ్యవస్థకు ఒప్పందం ఉంటుంది, ఓపెన్ సోర్స్‌కు ఎవరు పూచీ అని అడుగుతారు. సేవా ఒప్పందానికీ సోర్స్ కోడ్ లైసెన్సుకూ వైరుధ్యం లేదు. ఓపెన్ సోర్స్ వ్యవస్థకు కూడా రుసుముపై సేవ పొందవచ్చు. ఆ సేవ నచ్చకపోతే మరొకరిని నియమించుకునే వెసులుబాటు అదనం.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన సారాంశం ఇది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రసారకర్తకు స్వాతంత్ర్యాన్ని ఇస్తుంది. ప్రచురిత ప్రమాణం తయారీదారుకు ప్రవేశాన్ని ఇస్తుంది. రాయల్టీ లేని కోడెక్ శ్రోతకు అందుబాటును ఇస్తుంది. మొదటి రెండూ సాధించి మూడవదానిని వదిలివేసిన వ్యవస్థను బహిరంగమనడం అసంపూర్ణ సత్యం. ఆకాశవాణి డీఆర్‌ఎం ఎంపిక హెచ్‌డీ రేడియోతో పోలిస్తే మెరుగైనదే. అయినా 2010 నాటి విధానం నిర్దేశించిన గీటురాయికి అది సరితూగదు.

ఏ డిజిటల్ ప్రమాణాన్ని స్వీకరించే ముందైనా నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం కోరడం న్యాయం. ఈ ప్రమాణాన్ని చదివి స్థానిక తయారీదారు ఎవరి అనుమతీ లేకుండా సెట్టు చేయగలడా? సెట్టుకు చెల్లించే రాయల్టీ ఎంత, అది ఎప్పటికి ముగుస్తుంది? కొత్త కోడెక్ వచ్చినప్పుడు పాత సెట్టు ఎన్నేళ్లు పని చేస్తుందన్న హామీ ఉందా? ఇప్పుడున్న అనలాగ్ ప్రసారాన్ని ఆపివేసే నిర్ణయం సెట్ల సంఖ్యను బట్టి జరుగుతుందా, ట్రాన్స్‌మిటర్ల సంఖ్యను బట్టి జరుగుతుందా?

వీటిలో చివరిది అన్నింటికన్నా ముఖ్యమైనది. ట్రాన్స్‌మిటర్ల సంఖ్య ప్రభుత్వం పెట్టిన ఖర్చును సూచిస్తుంది, సెట్ల సంఖ్య వింటున్న ప్రజలను సూచిస్తుంది. ప్రజాప్రసారాన్ని కొలవవలసింది రెండవదానితోనే.